కాన్ఫరెన్స్‌కి ఎగిరి వెళ్లాలా, ఇంటి నుంచే వినాలా?

మా ఇంట్లో కూరగాయలకు తీసుకెళ్లే గుడ్డ సంచులు తొమ్మిది ఉన్నాయి. ఒక్కటీ కొన్నది కాదు. అన్నీ మావారు కాన్ఫరెన్స్‌ల నుంచి తెచ్చినవే. ఆయన ఇక్కడ యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తారు, ఏడాదికి రెండు మూడు ప్రయాణాలు తప్పవు. పోయిన సంవత్సరం తెచ్చిన సంచి మీద ఆకు బొమ్మ వేసి, రీసైకిల్ చేసిన నూలుతో తయారైంది అని రాశారు. ఇండియన్ స్టోర్‌లో అందులోకి సొరకాయ, కరివేపాకు వేస్తుంటే ఎయిత్ గ్రేడ్ చదివే మా అమ్మాయి అడిగింది: “అమ్మా, ఈ సంచి తేవడానికి నాన్న ఎన్ని మైళ్లు ఎగిరారు?”

ఎగతాళికే అడిగింది. కానీ నేనూ ఒకప్పుడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని. లెక్క తేలకపోతే మనసు ఊరుకోదు. వంటా, పిల్లల డ్రాప్‌లూ పికప్‌ల మధ్య కొన్ని వారాలు దీని గురించి చదివాను. మన తెలుగు కుటుంబాల్లో పీహెచ్‌డీ చేసే పిల్లలు, పోస్ట్‌డాక్‌లు, ప్రొఫెసర్లు, డాక్టర్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్లందరి ఉద్యోగ జీవితంలో కాన్ఫరెన్స్ ఒక భాగం. అందుకే తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను.

లెక్క ఎంత పెద్దది?

అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ అని భూమి, వాతావరణం, సముద్రాల మీద పనిచేసే శాస్త్రవేత్తల సంఘం ఒకటుంది. ఏటా డిసెంబరులో వాళ్లు జరిపే సభ ప్రపంచంలోని పెద్ద సైన్స్ సభల్లో ఒకటి. 2019లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగినప్పుడు సుమారు 28,000 మంది వచ్చారు. వాళ్ల ప్రయాణాలను మిలాన్ క్లోవర్ అనే యువ శాస్త్రవేత్త, ఆయన సహచరులు లెక్కగట్టి 2020లో ‘నేచర్’ పత్రికలో రాశారు.

అందరి రానూ పోనూ దూరం కలిపితే 28.5 కోట్ల కిలోమీటర్లు. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. అంటే ఒక్క సభ కోసం దాదాపు సూర్యుడి దాకా వెళ్లి తిరిగొచ్చినంత. దానివల్ల వెలువడిన వాయువులు సుమారు 80,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. తలకు చూస్తే 3 టన్నుల దాకా వస్తుంది. ఇండియాలో సగటు మనిషి ఏడాదంతా వెలువరించే కార్బన్ డయాక్సైడ్ సుమారు 2 టన్నులు. మా ఊళ్లో మా నాయనమ్మ లాంటి మనిషి ఏడాది పొడుగునా వాడిన గ్యాసు, కరెంటు, బస్సు అన్నీ కలిపినా ఈ ఒక్క వారం సభకు సరిరావు.

ఇందులో గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. ఈ భారం అందరిదీ సమానం కాదు. చాలా దూరం నుంచి, ముఖ్యంగా ఖండాలు దాటి వచ్చిన 36 శాతం మంది వల్లే మొత్తంలో నాలుగింట మూడొంతులు వచ్చింది. దగ్గరి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ల వాటా చాలా తక్కువ.

ఆన్‌లైన్‌తో పోలిస్తే తేడా ఎంతో చూడండి. యూరప్ ఖగోళ శాస్త్రవేత్తల వార్షిక సభ 2019లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో జరిగింది. 1,240 మంది వచ్చారు, సుమారు 1,855 టన్నులు వెలువడ్డాయి. మరుసటి ఏడు కోవిడ్ వల్ల అదే సభ ఆన్‌లైన్‌లో జరిగింది. ఈసారి 1,777 మంది చేరారు. కంప్యూటర్లు, సర్వర్లు, ఇంటర్నెట్ అన్నీ కలిపినా వెలువడింది 582 కిలోలు. టన్నులు కావు, కిలోలు. దాదాపు మూడువేల వంతుకు తగ్గింది. ఈ లెక్క వేసింది కూడా ఆ ఖగోళ శాస్త్రవేత్తలే.

కాబట్టి గుడ్డ సంచి, స్టీలు బాటిల్, కాగితం లేని ప్రోగ్రామ్ పుస్తకం మంచివే గానీ అసలు బరువు అక్కడ లేదు. అసలు బరువు విమానం టికెట్టులో ఉంది. అందులోనూ బిజినెస్ క్లాస్ సీటు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి దాని వాటా ఎకానమీ సీటుకు ఇంచుమించు మూడింతలు.

శాస్త్రవేత్తలు ఏమనుకుంటున్నారు?

ఇదంతా తెలిసినవాళ్లు శాస్త్రవేత్తలే కదా, మరి వాళ్లెందుకు మానరు అని నాకు మొదట అనిపించింది. చదివేకొద్దీ ఒక్కొక్కరి మాటలో ఒక్కో న్యాయం కనిపించింది.

కొందరు ముందు తామే మారాలన్నారు. నాసా ప్రయోగశాలలో వాతావరణ శాస్త్రవేత్త పీటర్ కాల్మస్ 2012 నుంచి విమానం ఎక్కడం మానేశారు. టఫ్ట్స్ యూనివర్సిటీ ప్రొఫెసర్ పార్క్ వైల్డ్, వాసార్ కాలేజీ ప్రొఫెసర్ జోసెఫ్ నెవిన్స్ కలిసి 2015లో యూనివర్సిటీలు విమాన ప్రయాణాలు తగ్గించాలని ఒక విజ్ఞాపన మొదలుపెట్టారు. అందరినీ మానేయమని వాళ్లు అడగలేదు. ప్రయాణాన్ని గొప్పతనానికి గుర్తుగా చూడొద్దనీ, తగ్గించే బాధ్యత సంస్థలు కూడా తీసుకోవాలనీ అన్నారు.

ఇంకొందరికి తెలుసు, బాధా ఉంది, కానీ ఆచరణ రాదు. 59 దేశాల పరిశోధకులను అడిగి 2020లో ప్రచురించిన ఒక సర్వేలో, వాతావరణ మార్పు మీద పనిచేసేవాళ్లు మిగతా శాఖలవాళ్ల కంటే ఎక్కువగానే విమానాలెక్కుతున్నారని తేలింది. పదవి పెరిగేకొద్దీ ప్రయాణాలూ పెరిగాయి. చదివి నవ్వుకున్నాను. షుగర్ డాక్టరు గారు జిలేబీ తిన్నట్టుంది.

తిరగకపోతే పైకి రాలేం అనే నమ్మకం చాలామందిది. కెనడాలోని యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా పరిశోధకులు దీన్నే పరీక్షించి 2019లో ప్రచురించారు. తమ యూనివర్సిటీలోనే ఎవరెంత ఎగిరారో, వాళ్ల పరిశోధనకు ఎంత గుర్తింపు వచ్చిందో పక్కపక్కన పెట్టి చూశారు. అనుభవం, శాఖ తేడాలు తీసేశాక రెండింటికీ సంబంధం కనపడలేదు. జీతానికి మాత్రం సంబంధం కనపడింది. ఎక్కువ జీతం వల్ల ఎక్కువ తిరుగుతున్నారా, తిరగడం వల్ల జీతం పెరిగిందా అన్నది ఆ లెక్కతో చెప్పలేం.

మధ్యలో ఉన్నవాళ్లే ఎక్కువమంది. 2021 మార్చిలో ‘నేచర్’ తన పాఠకులను అడిగితే 74 శాతం మంది కోవిడ్ తర్వాత కూడా సభలు ఆన్‌లైన్‌లో గానీ, ఆన్‌లైన్ భాగంతో గానీ కొనసాగాలన్నారు. అదే పాఠకులు ఆన్‌లైన్‌లో పెద్ద లోపం ఏమిటంటే మనుషులతో పరిచయాలు కుదరకపోవడం అన్నారు. రెండు మాటలూ నిజమే.

మా ఇంటి రెండు కథలు

మా ఆడపడుచు కూతురు మిడ్‌వెస్ట్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. రెండేళ్ల కిందట యూరప్‌లో ఒక సభకు తన పేపర్ ఎంపికైంది. పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు అయిపోయింది. వెళ్తే తిరిగి రావడానికి వీసా అపాయింట్‌మెంటు ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ఆన్‌లైన్‌లో చెప్పే వీలుందా అని రాస్తే, స్వయంగా వస్తేనే అన్నారు. పేపర్ వెనక్కి తీసుకుంది. ఆ రాత్రి ఫోన్‌లో, “అత్తా, నాలుగేళ్ల పని, ఒక స్టాంపు” అంది.

అదే అమ్మాయి మరుసటి ఏడు నాలుగు గంటల డ్రైవ్‌లో ఉన్న ఊళ్లో చిన్న సభకు ఇద్దరు స్నేహితులతో కార్లో వెళ్లింది. కాఫీ వరుసలో నిలబడి మాట్లాడిన ప్రొఫెసర్ ఆ తర్వాత తన ల్యాబ్‌లో పోస్ట్‌డాక్ గురించి మెయిల్ పెట్టారు. జూమ్‌లో కాఫీ వరుస ఉండదు. కొత్తగా వచ్చే పిల్లలకు మనిషిని మనిషి చూడటం ఎంత అవసరమో దాని ముఖం చూస్తే తెలిసింది.

రెండో కథ నాది. పెళ్లయ్యాక హెచ్4 మీద వచ్చాను. ఉద్యోగం లేదు, తర్వాత పిల్లలు, చదువు మూటగట్టి పెట్టాను. 2020లో ఒక కెమిస్ట్రీ సభ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారని మావారు లింకు పంపారు. పన్నెండేళ్ల తర్వాత నేను విన్న మొదటి సైన్స్ ఉపన్యాసం అది. పప్పు కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోగా ఒక ప్రశ్న టైప్ చేశాను. ఆ వక్త నా పేరు చదివి జవాబు చెప్పారు. రెండేళ్లకు అదే సభ హోటల్‌కి తిరిగి వెళ్లింది, ఆన్‌లైన్ తీసేశారు. రిజిస్ట్రేషన్, విమానం, హోటల్ కలిపితే మా రెండు నెలల సరుకుల ఖర్చు. నేను మళ్లీ బయట నిలబడ్డాను.

నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారని చదివాక తెలిసింది. కోవిడ్ కాలంలో ఆన్‌లైన్‌కి మారిన మూడు సైన్స్ సభలను యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ పరిశోధకులు పరిశీలిస్తే, ఆడవాళ్లు, విద్యార్థులు, డబ్బు తక్కువున్న సంస్థలవాళ్లు చేరడం బాగా పెరిగిందని తేలింది. ఈ విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఇదే. కాన్ఫరెన్స్‌లో పొగ తగ్గించే తలుపు, బయట ఉండిపోయినవాళ్లను లోపలికి రానిచ్చే తలుపు, రెండూ ఒకటే. ఆన్‌లైన్ తీసేస్తే రెండూ ఒకేసారి మూసుకుంటాయి.

సభ మన ఊరికి వస్తే?

దీనికి ఇంకో వైపు ఉంది. గణిత శాస్త్రవేత్తల ప్రపంచ మహాసభ నాలుగేళ్లకోసారి జరుగుతుంది. 2010 ఆగస్టులో అది మొదటిసారి ఇండియాలో, మన హైదరాబాద్‌లో జరిగింది. మాదాపూర్ వైపు ఉన్న అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్‌లో సుమారు 3,000 మంది చేరారు. ఫీల్డ్స్ మెడల్స్ అక్కడే ఇచ్చారు. విదేశాల నుంచి వచ్చినవాళ్ల విమానాల పొగ తక్కువేమీ కాదు. కానీ పారిస్, బీజింగ్ వెళ్లలేని మన విద్యార్థులు రైల్లో వచ్చి అంతటివాళ్లను కళ్లారా చూశారు. సభ ఎప్పుడూ ధనిక దేశాల్లోనే జరిగితే, ఎప్పుడూ దూరం ప్రయాణించేదీ, వీసా కోసం నిలబడేదీ మనవాళ్లే అవుతారు. తగ్గించండి అనే మాట ముందుగా ఇప్పుడిప్పుడే ఎగరడం మొదలుపెట్టినవాళ్ల మీద పడకూడదు.

అదే మహాసభ 2022లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరగాల్సింది. యుక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక పూర్తిగా ఆన్‌లైన్‌కి మార్చి, అందరికీ ఉచితం చేశారు. బహుమతుల కార్యక్రమం హెల్సింకీలో పెట్టారు. తప్పనిసరైతే ఎంత పెద్ద సభ అయినా మారగలదని దానితో తెలిసింది. 2026 సభకు ఫిలడెల్ఫియాను ఎంచుకున్నారు.

మధ్యే మార్గాలు ఏమున్నాయి?

చోటు మార్చడం: ఎక్కువమందికి దగ్గరగా ఉండే ఊరు ఎంచుకోవడం. శాన్ ఫ్రాన్సిస్కో సభను చికాగోలో పెట్టి ఉంటే ప్రయాణాల పొగ 12 శాతం తగ్గేదని క్లోవర్ బృందం లెక్క.

ఏడాది విడిచి ఏడాది జరపడం: మన తానా, ఆటా మహాసభలు రెండేళ్లకోసారే కదా. అందువల్ల వాటి సందడేమీ తగ్గలేదు. సైన్స్ సభలు కూడా అలా చేస్తే సగం భారం అక్కడే దిగుతుంది.

దూరంవాళ్లకు ఆన్‌లైన్: అందరినీ ఇంట్లో కూర్చోమనక్కర్లేదు. అత్యంత దూరం నుంచి వచ్చే 36 శాతం మంది ఆన్‌లైన్‌లో చేరితే 2019 సభ భారం 76 శాతం తగ్గేది. ఈ మూడూ కలిపితే 90 శాతం పైగా తగ్గేదని అదే లెక్క చెబుతోంది.

ఒకే సభ, చాలా ఊళ్లు: సంగీతాన్ని మనసు ఎలా గ్రహిస్తుందో పరిశోధించేవాళ్ల అంతర్జాతీయ సభ 2018లో ఆస్ట్రియాలోని గ్రాజ్, కెనడాలోని మాంట్రియల్, అర్జెంటీనాలోని లా ప్లాటా, ఆస్ట్రేలియాలోని సిడ్నీ, ఈ నాలుగు ఊళ్లలో ఒకేసారి జరిగింది. ఎవరికి దగ్గరైన ఊరికి వాళ్లు వెళ్లారు, మిగతా ఊళ్ల ఉపన్యాసాలు తెర మీద చూశారు. కాఫీ వరుస కూడా ఉంది, ఖండాలు దాటే పనీ తగ్గింది. కార్నెల్ యూనివర్సిటీ బృందం 2021లో వేసిన లెక్క ప్రకారం, కేంద్రాలను జాగ్రత్తగా ఎంచుకుంటే సగం మందికి పైగా స్వయంగా కలుస్తూనే కర్బన భారాన్ని మూడింట రెండొంతులు తగ్గించవచ్చు. మొత్తం ఆన్‌లైన్ అయితే 94 శాతం తగ్గుతుంది.

రికార్డు చేసి పెట్టడం: కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా బార్బరాలో 2016లో కెన్ హిల్ట్‌నర్ అనే ప్రొఫెసర్ ఇలా ఒక సభ నడిపారు. ఉపన్యాసాలు ముందే రికార్డు చేసి పెట్టారు, ప్రశ్నలూ జవాబులూ కొన్ని వారాల పాటు రాతలో సాగాయి. అందరూ విమానాల్లో వచ్చి ఉంటే అయ్యే దానిలో ఇది సుమారు 1 శాతం అని నిర్వాహకులు చెప్పారు. కోవిడ్‌కి నాలుగేళ్ల ముందు సంగతి ఇది.

ఆన్‌లైన్‌తో వచ్చే చిక్కులు

ఇంటి నుంచి వినడం అంత తేలికేమీ కాదు. డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో ఉదయం 9 గంటలకు మొదలైతే హైదరాబాద్‌లో రాత్రి 10:30. రోజంతా ల్యాబ్‌లో పనిచేసిన పిల్లలు అర్ధరాత్రి దాకా మేలుకోవాలి. రికార్డింగ్ వినవచ్చు గానీ ప్రశ్న అడగలేరు.

ఇంట్లో ఉన్న ఆడవాళ్లకైతే ఇంకో చిక్కు. మావారు కాన్ఫరెన్స్‌కి ఊరెళితే ఆయన పనిలో ఉన్నట్టు. నేను అదే కాన్ఫరెన్స్ డైనింగ్ టేబుల్ దగ్గర వింటే ఖాళీగా ఉన్నట్టు. “అమ్మా, నా సాక్సులెక్కడ” అనే పిలుపు ఆగదు. ఆన్‌లైన్ సభ పెట్టడం సంఘం పని, ఆ రెండు రోజులు తలుపు వేసుకోనివ్వడం ఇంట్లోవాళ్ల పని.

ఇక డబ్బు కట్టి చెట్లు నాటిస్తాం, లెక్క సరిపోతుంది అనే పథకాలు. నాటిన మొక్క మానై ఆ కార్బన్‌ను పీల్చడానికి ఏళ్లు పడుతుంది, విమానం పొగ ఇవాళే గాలిలో కలుస్తుంది. ఏమీ చేయకపోవడం కంటే నయమే, ప్రయాణం తగ్గించడానికి బదులు మాత్రం కాదు.

మన ఇళ్లలో చేయగలిగినవి

మీ ఇంట్లో పరిశోధన చేసేవాళ్లుంటే ఈ మాటలు భోజనాల దగ్గర మాట్లాడుకోవచ్చు.

1. ఏడాదికి ఎన్ని సభలు, వాటిలో నిజంగా స్వయంగా వెళ్లాల్సినవి ఎన్ని అని ఏడాది మొదట్లోనే రాసుకోండి. ఉద్యోగం వెతుక్కునే పిల్లలకు ముందు చోటివ్వండి. పేరు స్థిరపడ్డ పెద్దలు ఒకటి తగ్గించుకోవచ్చు.

2. కార్లో నలుగురు కలిసి, బస్సులో, రైల్లో వెళ్లగలిగే ప్రాంతీయ సభలు చిన్నవని తీసిపారేయకండి.

3. ఇండియాలోనో, సింగపూర్ వైపో సభ ఉంటే అమ్మానాన్నలను చూసే ప్రయాణంతో కలపండి. రెండు ప్రయాణాలు ఒకటవుతాయి. అమ్మానాన్నలను జూమ్‌లో చూస్తే చాలు అని నేను అనను. మా నలుగురి హైదరాబాద్ టికెట్ల పొగ మావారి ఏడాది కాన్ఫరెన్స్‌ల కంటే ఎక్కువే అని నాకు తెలుసు. అందుకే మేం వెళ్లినప్పుడు ఎక్కువ వారాలు ఉండి, రెండేళ్లకోసారి వెళ్తున్నాం.

4. యూనివర్సిటీ డబ్బిచ్చినా దూరప్రయాణంలో బిజినెస్ క్లాస్ నిజంగా అవసరమా అని ఒకసారి ఆలోచించండి. నడుము నొప్పి, వయసు ఉన్నవాళ్ల సంగతి వేరు.

5. రిజిస్ట్రేషన్ ఫారంలోనో, తర్వాత పంపే సర్వేలోనో ఆన్‌లైన్ భాగం ఉంచమని ఒక వాక్యం రాయండి. వీసా వల్ల రాలేకపోతే ఆ కారణం కూడా రాయండి. నిర్వాహకులకు ఎవరు వచ్చారో తెలుస్తుంది, ఎవరు రాలేకపోయారో తెలియదు.

6. మీరే నిర్వాహక కమిటీలో ఉంటే రాలేనివాళ్లు స్వయంగా మాట్లాడే అవకాశం ఉంచండి. వినడానికి మాత్రమే రానిస్తే సగమే రానిచ్చినట్టు.

మా అమ్మాయి ప్రశ్నకు జవాబు దొరికింది. ఆ సంచి కోసం వాళ్ల నాన్న రానూ పోనూ 5,000 మైళ్లకు పైగా ఎగిరారు. ఆయనకు చెబితే కాసేపు ఊరుకుని, వచ్చే ఏడు మూడు సభల్లో ఒకటి ఆన్‌లైన్‌లో చూస్తానన్నారు. ఆ రోజుకి డైనింగ్ టేబుల్‌కి రెండో కుర్చీ వేస్తున్నాం. రిజిస్ట్రేషన్ ఇద్దరి పేర్ల మీదా చేయమని చెప్పాను. ఆ పూట వంట పిల్లలది.